ఆరు మిల్లీమీటర్ల రాయి

4, ఆదివారం

నీళ్ళు ఎన్ని తాగుతున్నానో, నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోందో ఒక పుస్తకంలో రాసుకుని రెండు వారాల తర్వాత తెమ్మంది డాక్టరమ్మ. ఆవిడకు కావలసిన అంకెలు వేరే కాగితం మీద రాసిస్తాను. ఈ పుస్తకం మాత్రం ఆవిడకూ చూపించను, ఇంట్లోనూ చూపించను.

ఉదయం పదింటికి గడ్డం గీసుకుంటుంటే మొదలైంది. కుడివైపు, నడుము వెనకాల. గ్యాస్ అనుకుని వేడినీళ్ళు తాగాను. పావుగంటలో బాత్రూమ్ నేల మీద ఉన్నాను. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి, గోడకు ఆనుకుని నిలబడితే ఇంకా నొప్పి. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి "గుండెనొప్పేమోనండీ" అంది. "గుండె వీపులో ఉంటుందటే?" అని అరిచాను. అంత బాధలోనూ ఆమె మీద అరవడానికి ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. చంటిపిల్లాడిలా ఏడ్చాను. అది కూడా రాసేస్తున్నాను, ఎవరు చూడొచ్చారు గనక.

స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ వయసులో నాకంటే పదేళ్ళు చిన్న. తెర మీద ఒక తెల్లచుక్క చూపించింది.

"ఆరు మిల్లీమీటర్ల రాయి. కిడ్నీ దాటి గొట్టంలోకి దిగింది. దానంతటదే పడిపోవచ్చు. రెండు వారాలు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. నొప్పి వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. తగ్గింది కదా అని రాయి పోయిందనుకోకండి. కిందికి దిగేకొద్దీ గజ్జల్లోకి పాకుతుంది. కాస్త ఎర్రగా పోయినా కంగారు పడొద్దు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రం వెంటనే రండి. రాయి పడితే జాగ్రత్తగా పట్టి తీసుకురండి, పరీక్షకు పంపిద్దాం."

"పట్టడమంటే?"

"వడపోయాలి. ప్రతిసారీ."

మా ఆవిడ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

"ఏం పని చేస్తారు మీరు?"

"టవర్ క్రేను నడుపుతానండి. పందొమ్మిదేళ్ళు."

పెన్ను కింద పెట్టింది. రోజుకు నీళ్ళెన్ని తాగుతారని అడిగింది. అక్కడ నేను కొంచెం గొప్పగానే చెప్పాను. ఏడున్నరకు ఎక్కుతాను, రెండు వందల మెట్ల నిచ్చెన, ఒంటిగంటకు గాని దిగను. దిగి ఎక్కితే అరగంట పని పోతుంది, కింద వంద మంది చేతులు కట్టుకుని కూర్చుంటారు. మిగతా ఆపరేటర్లు కేబిన్‌లో సీసా పెట్టుకుని అందులో కానిస్తారు. నేను ఆ పని ఒక్కనాడూ చేయలేదు. కూర్చునే చోట అదేం కర్మ? అందుకే పైన నీళ్ళు తాగను, నోరు తడుపుకుంటానంతే. మా క్రేనువాళ్ళలో ఈ విషయంలో నాకు పేరుంది.

ఆవిడ ఏమీ మెచ్చుకోలేదు. "రాయి అక్కడే తయారైంది" అంది. "అది పడేదాకా క్రేను ఎక్కకండి. ఈ రెండో మాత్రకు కళ్ళు తిరగొచ్చు. నొప్పి ఏ నిమిషంలో వస్తుందో మీ చేతిలో లేదు."

"అలాగేనండి" అన్నాను.

5, సోమవారం

ఎక్కాను.

ఎక్కక ఏం చేయను? మూడు నెలలుగా ఒక కుర్ర ఆపరేటరు సైట్లో ఖాళీగా తిరుగుతున్నాడు. నేను ఒక్కరోజు దగ్గితే చాలు, నా సీటు వెనక్కి జరిపి కూర్చుంటాడు. నాలుగు నెలల్లో ఈ బిల్డింగు అయిపోతుంది. అప్పుడు కేబిన్‌లో ఎవడుంటే వాడే తర్వాతి సైటుకు వెళతాడు. నలభై ఎనిమిదేళ్ళకు దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కనివ్వరు. నాకు వేరే పని రాదు.

ఎక్కేముందు రోజూ సేఫ్టీ సారు గదిలో ఒక కాగితం నింపాలి. నిద్ర సరిపోయిందా, తాగి ఉన్నారా, మందులేమైనా వాడుతున్నారా, ఒంట్లో ఏదైనా బాధ ఉందా. చివరి రెండింటికీ 'లేదు' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాను. నొప్పి మాత్ర ఒకటి వేసుకున్నాను. రెండోది, కళ్ళు తిరిగేది, వేసుకోలేదు. మందు వేసుకుని ఎక్కితే తప్పు గాని వేసుకోకుండా ఎక్కితే తప్పేముంది?

నొప్పి రాలేదు.

6, మంగళవారం

నిన్న సాయంత్రం ఆరు నుంచి పడుకునేదాకా మూడు లీటర్లు తాగాను. మొత్తం మీద లెక్క సరిపోతే చాలు కదా. మూడుసార్లు లేచాను, మూడుసార్లూ వడపోశాను. టీ జల్లెడతో. పొద్దున మా ఆవిడ చూసి ఇల్లు పీకి పందిరేసింది. "ఆ జల్లెడతోనే మీకు టీ పోయమంటారా? పోస్తాను, తాగండి!" కొత్తది కొనుక్కొచ్చి, పాతదాని పిడికి ఎర్రగుడ్డ కట్టి బాత్రూమ్‌లో మేకుకు తగిలించింది. రాత్రికి అది గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే కూడా నొప్పే.

నేను క్రేను ఎక్కడం లేదని ఆమె అనుకుంటోంది. సైట్లో కింద కూర్చుని కాగితాల పని చేస్తున్నానని చెప్పాను.

8, గురువారం

ఎర్రగా పోయింది. కంగారు పడొద్దని చెప్పారు గనక పడలేదు. కొంచెం పడ్డాను.

మధ్యాహ్నం దిగేసరికి బావమరిది నిచ్చెన దగ్గర నిలబడి ఉన్నాడు. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆరేళ్ళ కిందట నేనే ఈ పనిలో పెట్టాను. వాకీటాకీ పట్టుకుని స్లాబు మీద నిలబడి నాకు సిగ్నల్ ఇస్తాడు. అంత ఎత్తు నుంచి నాకు కింద కనబడేవి టోపీలే. లోడు ఎక్కడ దిగుతోందో, కింద ఎవరున్నారో వాడే నా కళ్ళు. దించు అంటే దించుతాను, ఆగు అంటే ఆగుతాను.

"ఏంటి బావా, ఇవాళ ఒక్కో లోడుకీ అంతసేపు తీసుకున్నావ్?"

"గాలి ఎక్కువగా ఉంది."

"గాలా? నా చొక్కా కూడా కదల్లేదు."

"పైన ఉంటుందిరా. నీకేం తెలుసు."

నా మొహం వంక చూశాడు. "పాలిపోయావేంటి? అక్కకి చెప్పనా?"

"మీ అక్కకి ఏదైనా చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతా."

నవ్వాడు. వాడికి నేనంటే అంత నమ్మకం.

9, శుక్రవారం

నొప్పి లేదు.

10, శనివారం

నొప్పి లేదు. పడిపోయి ఉంటుంది. జల్లెడలో నేనే చూసుకుని ఉండను. ఎన్నిసార్లని చూస్తాను?

12, సోమవారం



పదకొండింటికి, కాంక్రీటు పోతకు పెట్టే ఇనుప షట్టరింగు ప్లేట్ల కట్ట ఎత్తాను. ఐదో అంతస్తు స్లాబు మీదికి తెచ్చాను. మనిషి ఎత్తుకు రెండింతలు పైన ఉంది. "దించు బావా, నెమ్మదిగా" అన్నాడు వాకీటాకీలో. దించుతున్నాను. "ఇంకొంచెం. ఆగు" అన్నాడు.

అప్పుడొచ్చింది. ముందు చెప్పా పెట్టా లేదు. ఈసారి వీపులో కాదు, గజ్జల్లో, కత్తి పెట్టి తిప్పినట్టు. లీవరు వదిలేస్తే చాలు, క్రేను దానంతటదే ఆగిపోతుంది. అది నేను ఎంతమంది కుర్రాళ్ళకు నేర్పానో. నేను వదల్లేదు. ముందుకు వంగిపోయాను, గుప్పిట బిగుసుకుపోయింది, ఒంటి బరువంతా లీవరు మీదే పడింది.

వాకీటాకీలో వాడి అరుపు. "ఆగు! ఆగు! బావా ఆగు!"

ఆగేసరికి కట్ట స్లాబు మీద పడి ఉంది. ఒక వడ్రంగి కింద ఉన్నాడట. బావమరిది అతన్ని పక్కకు తోసేసి కట్టను చేత్తో నెట్టాడట. ఎడమచేతి రెండు వేళ్ళు ప్లేటుకీ స్తంభానికీ మధ్య పడ్డాయి. ఎముకలు విరిగాయి. వేళ్ళు ఉంటాయన్నారు డాక్టర్లు. వడ్రంగికి ఏం కాలేదు.

నేను కేబిన్ నేల మీద వాంతి చేసుకుని, తుడిచి, దిగాను. దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నిచ్చెన కింద వాడు చేతికి తువ్వాలు చుట్టుకుని నాకోసం నిలబడి ఉన్నాడు. అంబులెన్సు వచ్చేలోపు మేమిద్దరమే ఉన్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయనవసరం లేదు.

13, మంగళవారం

క్రేను ఆపేశారు. సేఫ్టీ సారు అందరి దగ్గరా వాంగ్మూలం రాయించుకున్నారు. బావమరిది కట్టు కట్టించుకుని నేరుగా ఆఫీసుకే వచ్చాడు. "దించు అని నేనే అన్నాను సార్. కింద మనిషి ఉన్నాడని చూసుకోలేదు. తప్పు నాది" అని రాసిచ్చాడు. కుడిచేత్తో సంతకం చేశాడు.

నన్ను అడిగితే "సిగ్నల్ ప్రకారమే దించాను" అన్నాను.

వాడి సిగ్నల్ కార్డు తీసుకున్నారు. శనివారం విచారణ. తప్పు రుజువైతే కార్డు రద్దు చేస్తారు, ఆ మాట అన్ని సైట్లకూ వెళుతుంది. ఇక ఎక్కడా వాడి చేతికి వాకీటాకీ ఇవ్వరు.

వాడంతట వాడే చెప్పాడు. ఎవరూ బలవంతం చేయలేదు. వాడికింకా ముప్పై రెండే, ఏ పనైనా నేర్చుకోగలడు.

14, బుధవారం

బావమరిది భోజనానికి వచ్చాడు. వాడి భార్య పుట్టింట్లో ఉంది, పురిటికి వెళ్ళింది. ఒంటిచేత్తో ఏం వండుకుంటాడని మా ఆవిడే రమ్మంది. సోమవారం క్రేను మీద ఉన్నది కుర్ర ఆపరేటరనే ఆమె అనుకుంటోంది. రమ్మని పిలిచి కూర్చోబెట్టి తిట్టింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యక్కర్లేదురా? ఆ మనిషి మీద పడుంటే ఏమయ్యేది? రేపో మాపో తండ్రివి కాబోతున్నావు, ఇంకెప్పుడొస్తుంది నీకు బుద్ధి? మీ బావ పరువేం కావాలి? నిన్ను ఆ పనిలో పెట్టింది ఆయన కాదూ?"

వాడు తల వంచుకుని తిన్నాడు. "అవునక్కా" అన్నాడు. మళ్ళీ "అవునక్కా" అన్నాడు.

"మీరైనా నాలుగు పెట్టండి వీడికి" అంది నాతో.

"పోనీలే, తిననీ" అన్నాను.

ఆ మాట నా నోటితోనే అన్నాను. పెద్దమనిషిలా. మా ఆవిడ నా మంచితనానికి కళ్ళొత్తుకుంది. వాడు కంచంలోంచి తల ఎత్తలేదు. వచ్చినప్పటినుంచి వెళ్ళేదాకా ఒక్కసారి కూడా నన్ను బావా అని పిలవలేదు.

15, గురువారం

వాడంతట వాడే చెప్పాడు.

నీళ్ళు: నాలుగు లీటర్లు. నొప్పి: రెండుసార్లు. మూత్రం నిమిషానికోసారి వస్తున్నట్టుంటుంది, వెళితే నాలుగు చుక్కలే. రాయి కిందికి వచ్చేసిందనడానికి అదే గుర్తని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు రెండో మాత్ర కూడా వేసుకుంటున్నాను. ఇప్పుడు ఎక్కడానికి క్రేను లేదు కదా.

16, శుక్రవారం

ఉదయం ఏడింటికి పడింది.

మంట, ఆపైన ఏదో అడ్డుపడినట్టు, గోడ పట్టుకుని పళ్ళు బిగించాను. జల్లెడలో టక్కుమని చిన్న చప్పుడు. అంతే. మిరియపు గింజంత. గోధుమరంగు, ఒళ్ళంతా గరుకు. ఇంత నానా యాగీ చేసింది ఇదా అనిపించింది. మా ఆవిడ దాన్ని కాగితంలో పొట్లం కట్టి, మాత్రల డబ్బాలో పెట్టి, పైన తేదీ రాసింది. "పీడ విరగడైంది" అని నా తల నిమిరింది. పొరుగావిడకు కూడా చెప్పొచ్చింది. మగబిడ్డను కన్నంత సంబరం.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ స్కానింగ్ తీసి, గొట్టం ఖాళీగా ఉందంది. "రెండో మాత్ర రోజూ వేసుకున్నారా?" "వేసుకున్నానండి." "క్రేను ఎక్కలేదుగా?" మా ఆవిడే జవాబు చెప్పింది. "లేదండి, కింద కాగితాల పని చేస్తున్నారు. అదే మా అదృష్టం, ఆయన పైన ఉండగా నొప్పి వచ్చుంటే ఎంత ప్రమాదం!" డాక్టరమ్మ అవునని తలూపింది.

ఇంటికొచ్చి పడుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. కాళ్ళు చాపుకున్నాను. హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నప్పుడు ఇక తప్పు దేని మీద నెట్టను?

రాస్తాను. సోమవారం రాయనవసరం లేదన్నది రాస్తాను.

నిచ్చెన కింద వాడు నన్ను చూడగానే అడిగాడు. "ఏమైంది బావా? ఆగు అన్నాను కదా, వినపడలేదా?" తువ్వాల్లోంచి రక్తం కారి బూటు మీద పడుతోంది. నేను రాయి సంగతి చెప్పాను. ఎనిమిది రోజులుగా ఉందని చెప్పాను.  అప్పుడు వాడి కుడిచెయ్యి, విరగని చెయ్యి, రెండు చేతుల్తో పట్టుకున్నాను. "నా సీటు పోతుందిరా. మీ అక్క ముఖం చూసి ఈ ఒక్కసారికి నీ మీద వేసుకో. నీకేమీ కాకుండా నేను చూసుకుంటాను" అన్నాను. వయసులో పదహారేళ్ళు పెద్దవాణ్ణి, వాడి చెయ్యి పట్టుకుని బతిమాలాను.  అంబులెన్సు వచ్చింది, వాడు ఎక్కాడు.

నేనే అడిగాను. వాడంతట వాడు చెప్పలేదు.

సిగ్గుగా ఉంది. నా మీద నాకే రోతగా ఉంది.

17, శనివారం

విచారణ తొమ్మిదింటికి. ఎనిమిదింటికే వెళ్ళాను. మొదటి స్కానింగ్ కాగితం తీసుకెళ్ళాను, తేదీ పైనే ఉంటుంది కదా. సేఫ్టీ సారు చదివి కళ్ళజోడు తీశారు.

"నాలుగో తారీఖు. అంటే ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"డాక్టరు ఎక్కొద్దని చెప్పలేదా?"

"చెప్పింది సార్."

అలమరలోంచి ఫైలు తీశారు. రోజువారీ కాగితాలు ఒక్కొక్కటే నా ముందు పరిచారు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు. "ఈ సంతకాలు మీవేనా?" ఏడింటిలోనూ 'లేదు' దగ్గర టిక్కు పెట్టి ఉంది. ఒక్కొక్క కాగితానికీ విడివిడిగా "నాదే సార్" అనిపించారు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"సిగ్నల్ మనిషి తప్పేమైనా ఉందా?"

"లేదు సార్. ఆగు అన్నాడు. మూడుసార్లు అన్నాడు. ఒప్పుకోమని అతన్ని నేనే అడిగాను."

ఒక సంవత్సరం క్రేను ఎక్కకూడదు. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష రాయాలి. తర్వాత అన్నారు గాని అది జరగదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పనిలోంచి తీసేయకుండా యార్డులో, పైపులు పేర్చే చోట పెట్టారు. అదే ఎక్కువ.

బావమరిది బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి పిలిచి కార్డు ఇచ్చేశారు. బయటికొచ్చి నా ముందు నుంచే వెళ్ళిపోయాడు.

మా ఆవిడకు మధ్యాహ్నం చెప్పాను. మొత్తం చెప్పాను, చెయ్యి పట్టుకున్న సంగతితో సహా.  "వాణ్ణి నా చేత తిట్టించారు" అంది.  చెప్పులేసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. చీకటి పడ్డాక వచ్చి నాకు అన్నం పెట్టింది గాని ఎదురుగా కూర్చోలేదు.

19, సోమవారం

యార్డులో మొదటి రోజు. సీసాతో నీళ్ళు తెచ్చుకున్నాను, పదింటికల్లా అయిపోయాయి. ఇక్కడ ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చు.

కుర్ర ఆపరేటరు ఏడున్నరకు ఎక్కాడు. చూడకూడదనుకున్నాను, చూశాను. చకచకా ఎక్కాడు.

పదకొండు దాటాక ఇనుప చువ్వల కట్ట యార్డు మీదుగా వచ్చింది. పందొమ్మిదేళ్ళు ఆ కట్టల్ని పై నుంచి చూశాను. పై నుంచి చూస్తే అవి చిన్నగా ఉంటాయి, మనం చెప్పినట్టు వింటాయి. ఇవాళ తల ఎత్తి చూశాను. సూర్యుడు కనబడలేదు. కట్ట చిన్నగా ఊగుతోంది, గొలుసు కిర్రుమంటోంది, దాన్ని పట్టుకున్న మనిషి ఎక్కడో పైన ఒక అద్దం వెనకాల ఉన్నాడు, వాడికి ఒంట్లో ఎలా ఉందో నాకు తెలియదు. అంత భయం నా జన్మలో ఎరగను. పక్కకు జరగాలని తెలుసు, కాళ్ళు కదల్లేదు. మా బావమరిది ఆరేళ్ళు రోజూ ఇలాంటి కట్టల కిందే నిలబడ్డాడు. నన్ను నమ్మి.

ఎవరో వచ్చి కట్టు కట్టిన చెయ్యి నా రొమ్ము మీద పెట్టి వెనక్కి నెట్టారు. బావమరిది. నా వంక చూడలేదు, పైకి చూస్తున్నాడు. రెండో చేతిలో వాకీటాకీ.

"ఆపు, దించకు" అన్నాడు అందులో. "కింద మా బావ ఉన్నాడు."

కట్ట ఆగింది. నేను వెనక్కి జరిగాను.